చూపించని వంటిల్లు

మార్చి 3, సోమవారం

ఒటీలియా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ నాలుగో తరగతి చదువు చూపించి బాగుచెయ్యకు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఆడపడుచువి నువ్వు రాస్తున్నావు. మాట రాక కాదు.

రాయి. నా పేరు డెల్మీరా. ఫాల్ రివర్ అనే ఈ మిల్లుల ఊళ్లో, ఈ ఇంట్లో నలభై ఆరేళ్లుగా ఉంటున్నాను. పైన వంటిల్లు కొత్తగా చెయ్యమని వారెన్ అనే కాంట్రాక్టర్‌ని పిలిస్తే, బేస్‌మెంట్‌లో ఉన్న నా వంటిల్లు విరగ్గొట్టాడు.

మోకాలు బాగాలేదు, మెట్లు దిగలేను. పైన కూర్చుని సుత్తి దెబ్బలు విన్నాను. అరిచాను. చప్పుడు వినపడకుండా వాళ్ల చెవులకి డిప్పలున్నాయి. గరిటె తీసుకుని హీటర్ పైపు మీద బాదాను. కింద పైపు అదిరేసరికి బాయిలర్ పేలుతోందనుకుని వారెన్ పరుగెత్తుకొచ్చాడు. ఏమైందమ్మా అన్నాడు. నీ తలకాయ అయింది అన్నాను, మన భాషలో. అర్థమయ్యే ఉంటుంది, టోపీ తీశాడు.

అప్పటికే మా ఆయన అబీలియు కూర్చునే బల్ల చెత్త డంప్‌స్టర్‌లో పడింది.

మార్చి 4

కేసు వేస్తాను. అందుకే ఇదంతా రాయిస్తున్నాను.

నటేర్సియా వచ్చింది. పనులన్నీ కుదిర్చింది ఈ మేనకోడలే. అత్తయ్యా, కాగితంలో ఉన్నదే అతను చేశాడు అంటుంది. చదివి వినిపించింది. బేస్‌మెంట్: పాత సామాను, తీసేయాలి. అడుగున సంతకం బదులు నేను పెట్టిన గుర్తు. ఇది నాకెవరూ చదవలేదు అన్నాను. చదివాను అత్తయ్యా, నువ్వు కాఫీ కలుపుతూ సరే సరే అన్నావు అంది.

సరే అనడం మర్యాద. సరే అంటే సరే అని కాదు. ఆ పిల్లకి ఇవన్నీ ఎవరు నేర్పుతారు? నువ్వే కన్నావు కదా ఒటీలియా, నువ్వు నేర్పావా?

మార్చి 6

వదినా, పాత సామాను అన్న మాట అతనికి ఎవరు చెప్పారు, అని అడిగింది ఒటీలియా. ఇది రాయకు అన్నాను. రాసేసింది.

మార్చి 7

నేనే చెప్పాను.

రాయి, ఎలాగూ రాస్తావు. మొదటి రోజు వారెన్ వచ్చినప్పుడు పై వంటింట్లోకి తీసుకెళ్లాను. గాజు తలుపుల బీరువా చూపించాను, ఒక్క నూనె చుక్క ఎరగని స్టవ్ చూపించాను. ఇదే మా వంటిల్లు అన్నాను. కింద ఏముందమ్మా అన్నాడు. ఏమీ లేదు, చెత్త అన్నాను. పరాయి మగవాడు ఇంటికొస్తే ఇంకేం చెబుతాం? సముద్రం దాటి మా ద్వీపాల నుంచి ఈ దేశం వచ్చిన ఏ ఆడది అయినా అదే చెబుతుంది. పై వంటిల్లు చూపించడానికి, కింది వంటిల్లు బతకడానికి. మా అత్తగారు ఫాదర్‌గారిని కూడా కింది మెట్టు తొక్కనివ్వలేదు.

నలభై నాలుగేళ్లు, మిల్లు నుంచి వచ్చినా మరెక్కణ్నుంచి వచ్చినా, అబీలియు వెనక తలుపులోంచి నేరుగా కిందికే వచ్చేవాడు. ఆ బల్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాడు. నేను కేల్ ఆకుకూర సూపు కలుపుతూ తిట్టేదాన్ని. అతను నవ్వేవాడు. ఫోర్‌మన్ ఏమన్నాడో, అమ్మ ఉత్తరంలో ఏముందో, బిడ్డ పుట్టి పోయిన ఏడు ఏం చేద్దామో, అన్నీ అక్కడే. పైన సోఫాలో కూర్చుంటే ఇద్దరం చుట్టాల్లా ఉండేవాళ్లం. పైన ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తులేదు. కింద మాట్లాడుకున్నది ఒక్కటీ మర్చిపోలేదు.

అతను పోయి రెండేళ్లు. నేను కిందికి దిగి నాలుగు నెలలు. రోజూ తలుపు తీసి, మెట్ల పైన నిలబడి, చీకట్లోకి చూసి మళ్లీ వేసేస్తాను. అలాంటి దాన్నే నేను చెత్త అన్నాను.

కేసు ఎవరి మీద వెయ్యను?

మార్చి 10, ఉదయం ఏడు

వారెన్ పనిముట్లు లేకుండా వచ్చాడు. బూట్లు బయట విప్పాడు. పని ఆపేశానమ్మా, స్టవ్, సింక్ అలాగే ఉన్నాయి, బల్ల, ఒక గోడ పోయాయి అన్నాడు. తప్పు నాది, మీరు చెప్పింది రాసుకున్నాను గానీ కిందికెళ్లి చూసినప్పుడు పొయ్యి మీద మసి కనబడింది, అప్పుడే మళ్లీ అడగాల్సింది అన్నాడు. తప్పు నాది అని ఒక కాంట్రాక్టర్ అనడం వినడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

తర్వాత, వంటిల్లు సంగతి వదిలేయండి, లేచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి అన్నాడు. అది నన్ను ఎవరూ అడగలేదు. చెప్పాను. కాఫీ. కిటికీ. తలుపు తీసి చూడటం.

ఎందుకు తీసి చూస్తారు అన్నాడు.

నాకు పైన వంటిల్లు అక్కర్లేదు అన్నాను. అలా నోట్లోంచి వచ్చేసింది. కిందికి దిగాలి, అంతే.

టైల్స్ పుస్తకం పట్టుకొచ్చిన నటేర్సియా దాన్ని మూసేసింది. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా అంది. నువ్వు బూడిదరంగు టైల్స్ చూసి అంత మురిసిపోతుంటే ఎలా చెప్పనే?

అయితే చెయ్యాల్సింది వంటిల్లు కాదు, మెట్లు అన్నాడు వారెన్.

మార్చి 11

నటేర్సియా ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 13

కొత్త పద్ధతి. రోజూ ఏడింటికి వారెన్ కాఫీ తాగుతూ ఇవాళ ఏం విరగ్గొడతాడో, ఏం కడతాడో చెబుతాడు. నేను సరే అంటే ఒప్పుకోడు. ఏం అర్థమైందో తిరిగి చెప్పాలట. నేను చెప్పింది అతనూ తిరిగి చెప్పాలి. ఎత్తు తక్కువ మెట్లు, రెండు పక్కలా పట్టుకునే కమ్మీ అన్నాను. ఒక పక్క కమ్మీ అన్నాడు. నీకు చెవులు కూడా ఒక పక్కే ఉన్నాయా అన్నాను. రెండు పక్కలా అని రాసుకున్నాడు.

సాయంత్రం నటేర్సియా వచ్చింది. చలికాలం మొదట్లో నువ్వు మెట్ల మీద పడ్డావు కదా అంది. ఎవరికీ చెప్పలేదు నేను. చేతి మీద కమిలిన మచ్చ చూసిందట, అడగలేక, నేను కిందికి దిగే పని లేకుండా పై వంటిల్లు మొదలుపెట్టిందట. ఇద్దరం కాసేపు ఒకరినొకరు తిట్టుకున్నాం. తర్వాత తీపి రొట్టె తిన్నాం.

మార్చి 21

పాత బల్ల లాంటిదే చేసిపెడతాను, దాని గుర్తులు మిగిలిన గోడ మీద కనబడుతున్నాయి అన్నాడు వారెన్. వద్దన్నాను. కొత్త చెక్క మీద కూర్చున్నవాడు ఎవడూ లేడు. ఆ చోటు అలా ఉండనీ అన్నాను.

ఖాళీగా ఉంచాలి, ఏమీ పెట్టకూడదు, అని తిరిగి చెప్పాడు. సరిగ్గా చెప్పాడు.

ఏప్రిల్ 2

దిగాను. పంతొమ్మిది మెట్లు. ఆ ఖాళీ చోటుకి ఎదురుగా కూర్చుని వెల్లుల్లి నేనే ఒలిచాను.

ఒటీలియా, ఇక్కడి నుంచి చెప్పేది నీకు కాదు. రాయకు.