గాజు గదిలో ఆగిన పాట

ప్రియమైన వెర్నాకి,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, కానీ చదవడం మాత్రం ఆపకు. మార్డిగ్రా పండగ వచ్చిందంటే నా కొట్టు ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. వంగిపోయిన ట్రంపెట్లూ, మీటలు ఊడిన శాక్సోఫోన్లూ పట్టుకుని "మిస్ ఓడిల్, ఊరేగింపు రేపే!" అంటూ బ్యాండు వాళ్ళంతా నా నెత్తినెక్కారు. ఇవాళ సోమవారం, పొయ్యి మీద ఎర్ర చిక్కుళ్ళు పడేసి ఫోనులో టకటకా కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకో.

ఆల్సీడ్ గురించి నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చిందే. "క్లబ్బుల్లో ఇన్నేళ్ళూ పాటలో నా మాట పూర్తయ్యేదాకా ఆగినవాడు, ఇద్దరి పేర్లతో ఆల్బమ్ అనగానే నా గొంతు మీదెక్కి ఊదాడు" అని రాశావు. స్టూడియోలోంచి నువ్వు లేచి వెళ్ళిపోవడం తప్పనను. పాడేవాళ్ళు వదిలిన సందులోనే శాక్సోఫోన్ బదులు పలకాలి. మాట మీద పడి ఊదితే మన ట్రెమే పేటలో అది చెంపదెబ్బే.

కానీ విను. మొన్న ఆల్సీడ్ శాక్సోఫోన్ పట్టుకుని వచ్చాడు. "పై స్వరాల్లో గాలి పోతోంది, మీటల కింద మెత్తలు మార్చు" అన్నాడు. అంతా వెతికాను, ఎక్కడా గాలి పోవడం లేదు. అతని వెనక నిలబడి పై స్వరాలన్నీ నేనే ఊదాను. "చూశావా, బంగారంలా పలుకుతోంది" అంటూ ముందుకొచ్చాను.

"ఏదీ, ఊదు మరి" అన్నాడు.

అప్పటికే ఊదేశాను వెర్నా.

శాక్సోఫోన్ బల్ల మీద పెట్టేశాను. "ఎన్నాళ్ళనుంచి, ముసలాడా?" అన్నాను. నా పెదాలకేసి చూసి అప్పుడు చెప్పాడు. "క్లబ్బులో వెర్నా నా ఎదురుగా నిలబడేది. ఆమె నోరు మూతపడగానే నేను ఎత్తుకునేవాణ్ణి. స్టూడియోలో ఎవరి గాజు గది వాళ్ళకిచ్చారు. ఆమె అటు తిరిగి పాడింది. నాకు వీపే కనబడింది."

"చెవులకి పెట్టుకునేవి ఇచ్చారుగా?"

"వాటిలో డ్రమ్ము నా చెవికి అందింది. ఆమె అందలేదు."

"చెప్పి చావొచ్చుగా, మొద్దూ!"

"చెబితే జాలిపడి పాడుతుంది. జాలితో పాడితే ఆ పాట చచ్చిపోతుంది. పొగరుబోతునని తిట్టుకోనీ, గొంతు బాగుంటుంది."

వినికిడి ఇక తగ్గడమే గానీ తిరిగి రావడం ఉండదన్నాడట డాక్టరు. కింది స్వరాలు కూడా జారిపోతున్నాయి. ఆల్బమ్‌లో మిగిలిన ఒక్క పాటకీ వేరే ఎవరిచేతనో ఊదిస్తామని రికార్డు వాళ్ళు అంటే, ఈ మహానుభావుడు సరేనన్నాడు. నేను ఊరుకోలేదు. మైకులు నా కొట్టుకే తెమ్మన్నాను. ఒకటే గది, మధ్యలో అద్దం లేదు. వీధిలో బస్సు హారన్ కొడితే అదీ ఆల్బమ్‌లోకి ఎక్కనీ. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టేశాను.

నువ్వొచ్చి జాలి మాత్రం పడకు. రాగానే తిట్టు. నీ తిట్లు పెదాల మీద చదవడం అతనికి ఎప్పటినుంచో అలవాటే. పాటకి మాత్రం అతనికి ఎదురుగా నిలబడు. తనకి వినబడకపోయినా ఫరవాలేదట, నువ్వు పాడటం చూస్తే చాలట. ఆ మాట అని, ఖాళీ పెట్టె మూసుకుని, శాక్సోఫోన్ నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. ఈ ఒక్క పాటా ఊదాక ఇంక తన దగ్గర ఉంచుకోడట.

అతనికి ఆ కాస్త వినికిడీ ఉండగానే రావే తల్లీ. హ్యూస్టన్ నుంచి బస్సెక్కితే ఎంతసేపు? ఎప్పుడొస్తున్నావు?

నీ
ఓడిల్