ఎవరినీ అడగక్కర్లేదన్నాను

కొత్తకుప్పం,
ఫిబ్రవరి 11, బుధవారం.

బావకు గంగాభవాని రాసుకున్న ఉత్తరం.

ఇక్కడ అత్త, వెన్నెల, నేను ఈ పూటకు బాగున్నాం. నువ్వూ, పడవ మీద నీతో ఉన్న మనవాళ్ళూ బాగున్నారని చిన్నబాబు చెప్పాడు. విని మనసు కుదుటపడింది. వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని వచ్చినవాడు ముందు మనింటికే వచ్చి నీ ఉత్తరం ఇచ్చి పోయాడు. శుక్రవారం మళ్ళీ మంగళూరుకు రైలెక్కుతున్నాడు. ఇది అతని చేతికే ఇస్తాను.

ఫోన్ ఉండగా ఇంత రాయడం ఎందుకంటావేమో. పన్నెండు రోజులకోసారి రేవుకు వచ్చినప్పుడు ఎవరి ఫోనో తీసుకుని అయిదు నిమిషాలు మాట్లాడతావు. నేనేదైనా మొదలుపెడితే 'సరేలే, వచ్చినాక చూద్దాం' అంటావు. నేనూ సరే అంటాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా అంతే. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వింటావని రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. అత్త మోకాలు చలికాలమంతా సతాయించింది గానీ ఇప్పుడు మేలు. చెప్పినా వినకుండా చెరువు గట్టుదాకా పోయి ఎండబెట్టిన చేపల్ని కాకులు ఎత్తుకుపోకుండా కూర్చుంటోంది. తుపానుకు లేచిపోయిన రేకును మీ చిన్నాన్న కొడుకు బిగించి పోయాడు. మొన్న వానకు కారలేదు. వెన్నెలకు ఈ నెలాఖర్లో ఇంటర్ పరీక్షలు. సూళ్ళూరుపేట బస్సులో కూడా పుస్తకం తెరుచుకునే ఉంటోందట. నర్సింగు చదువుతానంటోంది. ఎందుకా చదువు మీదికి మనసు పోయిందో తర్వాత నీకే అర్థమవుతుంది.

బ్యాంకు కార్డు పనిచేయడం లేదు, ఏమైందో కనుక్కోమని రాశావు. కనుక్కోనక్కర్లేదు బావా. దాన్ని నేనే ఆపించాను.

కోపం తెచ్చుకోకుండా చదువు. వెన్నెల చదువుకని ప్రభుత్వం వేసిన డబ్బు నా ఖాతాలో పడింది. తల్లి పేరునే వేస్తారు కాబట్టి అది నా పేరున పడింది. పొదుపు సంఘం అప్పు కూడా నా సంతకం మీదే వస్తుంది. కార్డు మాత్రం ఎప్పుడూ నీ చొక్కా జేబులోనే. నువ్వు మంగళూరు పోతే అదీ నీతోనే పోయింది. ఆ డబ్బు కదపొద్దు, వేసవిలో కొత్త వల తీసుకుందాం అన్నావు. నేను తల ఊపాను. డిసెంబరులో నాకు డబ్బు అవసరమై పాసుపుస్తకం పట్టుకుని సూళ్ళూరుపేట బ్యాంకుకు పోయాను. నా ఖాతాలోంచి నేను డబ్బు తీయడం అదే మొదటిసారి. కౌంటరులో అమ్మాయి 'కార్డు లేదా అమ్మా' అంటే 'ఇంటాయన దగ్గరుంది' అన్నాను. ఆ అమ్మాయి మామూలుగానే పాసుపుస్తకం అందుకుంది. నాకే ఎందుకో సిగ్గేసింది. పాత కార్డు ఆపించి కొత్తదానికి అక్కడే రాసిచ్చాను. ఇప్పుడది నా దగ్గరుంది. వల గురించి నువ్వు వచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.

'ఇంకా ఆ సంఘం మీటింగులకు తిరుగుతున్నావా, దానివల్ల ఏమొరిగింది' అనీ అడిగావు. నువ్వు నవ్వుతూ రాసి ఉంటావు. నిజం చెప్పాలంటే డిసెంబరు వరకూ నాకూ ఆ జవాబు తెలియదు.

డిసెంబరు మొదటి వారంలో బిందు అనే అమ్మాయి మా మీటింగుకు వచ్చింది. బుచ్చిరెడ్డిపాలెం పిల్ల, పెద్ద చదువు చదువుతోంది. సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళ గురించి సర్వే చేస్తోందట. చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, పుట్టింటికి పోవాలంటే ఎవరినైనా అడగాలా, ఇట్లాంటివి. లీడరును కాబట్టి ముందు నన్నే అడిగింది. పదిమందీ నా నోటి వంకే చూస్తున్నారు.

"ఒంట్లో బాగలేక ఆస్పత్రికి పోవాలంటే ఎవరినడుగుతారక్కా?"

"ఎవర్నీ అడగబన్లేదు. నేనే పోతా" అన్నాను.

నా తర్వాత అందరూ అదే మాట చెప్పారు. చివర పెంచలమ్మ వంతు వచ్చింది. చేపల గంపతో నా వెంట బజారుకు వస్తుందే, ఆ పెంచలమ్మ.

"రాసుకో పాపా" అంది. "మేము సంతకాలు పెడతాం, డబ్బు దెస్తాం, ఇంట్లో ఇచ్చేస్తాం. మళ్ళా టీకి కావాలన్నా అడుక్కుంటాం. మీటింగులో మాత్రం గట్టిగా మాట్లాడతాం."

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి కూడా తలెత్తకుండా రాసుకుంది.

ఇంటికి పోయేటప్పుడు పెంచలమ్మ నా పక్కనే నడిచింది. కాసేపటికి, "ఏమ్మే గంగా, గంప ఎత్తేటప్పుడు ఎడం చెయ్యి ఎందుకు లేపవు?" అంది.

ఏమీ లేదన్నాను.

"నాలుగు నెల్లుగా చూస్తావుండా. ఎవర్నీ అడగబన్లేదంటివిగా. రేపు పొద్దున బండికి నెల్లూరు పోదాం, రా."

అందరి ముందూ అబద్ధం చెప్పినదాన్ని, ఇక రానని ఎట్లా అనను?

బావా, పోయిన జూన్‌లో, వేట నిషేధం చివరి రోజుల్లో, నువ్వు వల కుడుతుంటే వచ్చి ఎడమ రొమ్ములో గడ్డలాంటిది తగులుతోందని చెప్పాను. గుర్తుందో లేదో. 'కొవ్వు గడ్డ అయ్యుంటుంది, వేట మొదలయ్యాక చూద్దాం' అన్నావు. నీ తప్పని అనడం లేదు. నేనూ అదే నమ్మాలనుకున్నాను. నువ్వు చూద్దామన్నావు కాబట్టి భయపడే బాధ్యత నాది కాదని ఊరుకున్నాను. నువ్వు మంగళూరు పోయావు. అది చింతగింజంత ఉండేది, రేగుపండంత అయింది.

మరుసటి రోజు నెల్లూరులో డాక్టరమ్మ చూసి, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత రమ్మంది. మళ్ళీ పోతే కూర్చోబెట్టి చెప్పింది, అది మంచి గడ్డ కాదని. "మొదట్లోనే వచ్చావమ్మా, ఇప్పుడైతే గడ్డ వరకు తీస్తే సరిపోతుంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే నేనీ మాట చెప్పలేకపోయేదాన్ని" అంది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. నాకు మేనత్తే అయినా ఆ రోజు ఆమె ముందు నిలబడడానికి భయమేసింది. అనుకున్నట్టే అయింది.

"మొగోడు ఊళ్ళో లేకుండా కత్తి పెట్టించుకుంటావా? నా కొడుకొచ్చి అడిగితే నేనేం చెప్పేది? మే నెల దాకా ఆగు."

"ఆగితే పెరుగుతాదంట అత్తా."

లేచి లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండింది తిని కంచం కడిగి పెట్టేది, అంతే. మూడో రోజు పొద్దున చేపలు తిరగేస్తూ ఉంటే వచ్చి పక్కన కూలబడింది.

"మీ మామకు చెప్పకుండా నేను ఒక్కసారైనా ఈ కుప్పం దాటి ఎరగనే" అంది. "ఆయన పొయ్యి పదేళ్ళయింది. ఇప్పటికీ ఆ రోడ్డెక్కాలంటే వెనక్కి తిరిగి ఎవర్నో అడగాలనిపిస్తాది. అడిగేదానికి మనిషి లేడు. అయినా అడగాలనిపిస్తాది."

నేను చేపలు వదిలేసి ఆమె వంక చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అత్త అట్లా మాట్లాడడం వినలేదు.

"ఎప్పుడు పోవాల? నేనూ వస్తా" అంది.

ఆ మోకాలితోనే వచ్చింది బావా. పింఛను డబ్బు చెంగున కట్టుకుని, ఎవరినీ ముట్టనీయకుండా, ఆస్పత్రిలో నాలుగు రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకుంది. నాకు గంజి ఆమే తాగించింది. ఒకటో తారీకున సచివాలయం వాళ్ళు ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టి పోతే సాయంత్రానికి మనం తీసేసుకునేవాళ్ళం గుర్తుందా? మనం అంటున్నాను, నాకూ అందులో పాలుంది. ఇక మీదట తన పింఛను తనే ఉంచుకుంటుందట. నీకు చెప్పమంది, చెప్పాను.

జనవరి అయిదో తేదీన ఆపరేషను అన్నారు. ముందు రోజు నర్సు ఫారం తెచ్చి, "మీ ఇంటాయన యాడమ్మా, సంతకం చెయ్యాల" అంది. సముద్రం మీద ఉన్నాడన్నాను. ఎవరైనా మగవాళ్ళను పిలిపించమంది. ఇంతలో డాక్టరమ్మ అటుగా వచ్చి, "ఆమెకు చదవడం వచ్చు కదా, ఆమెకే ఇవ్వండి" అని పోయింది.

ఫారమంతా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. అరగంట పట్టింది. అర్థం కాని రెండు మాటలు నర్సును అడిగాను. సంఘం పుస్తకంలో పన్నెండేళ్ళుగా ఎన్నో సంతకాలు పెట్టాను గానీ నా ఒంటి గురించిన సంతకం అదే మొదటిది. నాకేమైనా అయితే నువ్వు వెన్నెలకు ఏం చెప్పుకుంటావోనని కూడా అనుకున్నాను. అయినా పెట్టాను.

ఆపరేషను బాగా జరిగింది. పక్కకు పాకలేదని జనవరి చివర్లో రిపోర్టు వచ్చింది. కుట్లు మానాయి.

ఇంతకాలం దాచాను. ఆ మధ్య నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు. గొంతు నీరసంగా ఉందేమంటే జలుబన్నాను. మొదటిసారి నీతో మాట్లాడింది ఆస్పత్రి మంచం మీది నుంచే. నడిసముద్రంలో నువ్వు దిగులు పడతావని దాచానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. నువ్వు ఆగమంటావనీ, నువ్వంటే నేను ఆగిపోతాననీ భయపడ్డాను. నీ మీది భయం కన్నా నా మీద నాకున్న భయమే ఎక్కువ.

సంఘం వల్ల ఏమొరిగిందన్నావు కదా. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మనింట్లో పొయ్యి ఆరలేదు. వంతులు వేసుకుని వెన్నెలకు తోడు పడుకున్నారు, మన చేపలు అమ్మి పెట్టారు. అందరూ రాగలిగారని అబద్ధం చెప్పను. రెండో లీడరు డెబోరాను వాళ్ళాయన గడప దాటనివ్వలేదు. మీటింగులో అందరికన్నా గట్టిగా మాట్లాడేది ఆమే. పాపం, పక్కింటివాళ్ళ చేత కూర పంపింది. డబ్బు మన పేరున పడగానే ఇంట్లో అన్నీ మారిపోవు బావా. నా పేరున ఎన్నేళ్ళు పడింది, ఏం మారింది? పక్కన ఒక మనిషి నిలబడి 'రేపు పోదాం రా' అన్నాక ఆ డబ్బు పరీక్షలకూ దారి ఖర్చులకూ అక్కరకొచ్చింది. ఆ మనిషి నాకు సంఘంలో దొరికింది. పోయిన వారం నేనూ పెంచలమ్మా డెబోరా వాళ్ళింటికి పోయి కూర్చుని వచ్చాం. వాళ్ళాయన ముఖం చిట్లించుకున్నాడు గానీ పొమ్మనలేదు. మళ్ళీ పోతాం.

సర్వే పిల్ల బిందుకు కూడా ఫోన్ చేశాను. ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు, మార్చుకోమన్నాను. ఒకసారి పంపాక మార్చడం కుదరదంది. ఏమైందని అడిగితే అంతా చెప్పాను. అంతా విన్నాక, "మా అమ్మను కూడా ఒకసారి చూపించాలక్కా" అంది.

ఇక అసలు సంగతి. గడ్డ తీసినచోట మళ్ళీ రాకుండా కరెంటు పెట్టాలట, రేడియేషన్ అంటారు. తిరుపతిలో, ఆదివారాలు పోను పదిహేను రోజులు. రేషన్ కార్డు మీద అంతా ఉచితమే. ఈ సోమవారం మొదలు. ఆస్పత్రి దగ్గర్లో ఉండడానికి గది చూశాం. మొదటి వారం పెంచలమ్మ తోడు వస్తుంది. వెన్నెలకు పరీక్షలు కాబట్టి అత్త ఇక్కడే ఉంటుంది.

పోవచ్చా అని అడగడం లేదు, పోతున్నాను. ఇది చదివాక నీకు కోపం వస్తుందేమో. ముందు నీకు చెప్పనందుకు కోపం తెచ్చుకుంటే ఒప్పుకుంటాను, అది నాకు తగినదే. ఆపరేషను చేయించుకున్నందుకైతే ఒప్పుకోను.

రెండో వారానికి పెంచలమ్మ ఊరికి తిరిగి రావాలి. పడవ యజమాని సెలవిస్తే అప్పుడు నువ్వు రా. చేయాల్సిన పనేమీ లేదు. లోపలికి నన్నొక్కదాన్నే పంపుతారట, పావుగంటలో అయిపోతుందట. బయటికి వచ్చేసరికి బల్ల మీద నువ్వు కూర్చుని కనిపిస్తే బాగుండుననిపిస్తోంది. ఇన్నేళ్ళలో నిన్ను ప్రతిదానికీ అనుమతి అడిగాను గానీ, నాకోసం నువ్వు రావాలని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ ఇంటిది,
గంగాభవాని.