మూడో చరణం ఉందట

నేను క్షేమమే గానీ, తప్పంతా మన క్యాసెట్‌దే. నిన్న మా హాల్లో మన గాయనమ్మ పాడింది. తెర తాడు నా చేతిలో ఉంది. ఆడమనిషి మొగుడి కోసం ఎదురుచూసే పాట, పాతికేళ్లుగా మనం అరగదీసిందే. రెండో చరణం కాగానే అయిపోయిందని తెర దించేశాను. ఆవిడ పాడుతూనే ఉంది. నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ పాటకి మూడో చరణం ఉందే. మా తమ్ముడు రికార్డు చేసినప్పుడు టేపు అయిపోయింది, మనం పాటే అయిపోయిందనుకున్నాం.

"రేపట్నించి రాకు" అన్నాడు మేనేజరు. ఆవిడ నన్ను పిలిపించి, "తెర ఎందుకు దించేశారండీ?" అంది. క్యాసెట్ సంగతి చెప్పాను. నవ్వలేదు. "ఈయన్ని తీసేస్తే రేపు నేను పాడను" అని మేనేజరుతో చెప్పి, నాకొక్కడికే ఆ చరణం పాడింది. ఇంకా తేరుకోలేదే నేను.

వంటింట్లో కుళాయి కారడం ఆగిందా? నా కళ్లద్దాల చీటీ పంపు. మీ అమ్మకి దణ్ణాలు, మనవరాలికి ముద్దులు.

అన్నట్టు, వాడు రాడని ఇన్నేళ్లూ ముక్కు చీదావే, మూడో చరణంలో వస్తాడే పిచ్చిదానా. వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఉండు, తెర ఎత్తమని మేనేజరు కేకేస్తున్నాడు. ఆమెని చూసి వాడేమంటాడంటే