గడిలో పట్టని నంబరు

సిరిసిల్ల, 11-8-1997

బిడ్డా సక్కుబాయీ,

నీ బాపు సిద్దిరాములు సొంత చేతితో రాస్తున్నాడు. చదివింది రెండో తరగతి, తప్పులుంటే దిద్దుకో.

ఫోన్‌లో నువ్వు ఏడ్చుకుంటూ చెప్పింది నాకు అర్థమైనంత ఇది. మన నేత సంఘం కంప్యూటరుకు పెద్ద డిస్కు పెట్టినారు. డిస్కులో ఏ చోట రాయాలన్నా ప్రోగ్రాములన్నీ నువ్వు రాసిన ఉమ్మడి ప్రోగ్రామును, మీరు లైబ్రరీ అనేదాన్నే, అడుగుతాయి. చోటు నంబరుకు నువ్వు ఉంచిన గడి చిన్న డిస్కుకే సరిపోతుంది. ఇప్పుడు నంబరు గడి దాటి, బస్సు మీటరు నిండి సున్నాకు వచ్చినట్టు మొదటికి తిరిగింది. కొత్త సభ్యుల ఫొటోలు పోయి పాతవాళ్ల ఫొటోల మీద పడినాయి. ఐలవ్వ నూలు కార్డు తీస్తే మీసాల మనిషి వచ్చినాడు. "గీ మీసాలు నాకెప్పుడు మొలిచినయ్‌రా?" అని ఆమె తిడితే అందరూ నవ్వినారు. కానీ తాగి చెడగొట్టినాడని ఆపరేటర్ దేవదాస్‌ను పనిలోనుంచి తీసేసినారు.

హైదరాబాద్‌లో మీ ఆఫీసు సారు "ఆ తప్పు ఆపరేటర్ మీదనే ఉండనీ" అన్నాడట. ఊకుంటావా?

మీ అవ్వకు కూడా చెప్పనిది చెప్తున్నాను. నీకు ఎనిమిదేండ్లప్పుడు వెడల్పు దుప్పట్ల ఆర్డరు వచ్చింది. నా మగ్గానికి అంత వెడల్పు పట్టదు. ఎవరికైనా మొహం మీదనే చెప్పేవాణ్ని, ఆ రోజు పట్టదని ఒప్పుకోలేక పదిమంది ముందు "ఎందుక్కాదు!" అన్నాను. నేసి, తడిపి, అంచులు పట్టి గుంజి కొలత చూపినాను. ఒక్క ఉతుకుకే కుంచించుకపోయి అన్నీ తిరిగి వచ్చినాయి. పోగులు ఎక్కించిన మొండయ్యదే తప్పన్నాను. అతనికి ఎవరూ పని ఇయ్యలేదు. పిల్లలను తీసుకొని బొంబాయి దిక్కు భివండికి మగ్గాల పనికి పోయినాడు. ఆశకు పోయినాడని నేనే ఊరంతా చెప్పినాను.

నువ్వు వచ్చి సంఘంలో నిజం చెప్పు. లైబ్రరీలో పాత ప్రోగ్రాములకు పాత గడి ఉండనీ, పక్కన పెద్ద గడి పెట్టు. పాత గడిలో పట్టని నంబరు వస్తే మాత్రం పట్టదని చెప్పి ఆగిపోవాలి. నాలాగా అయితదని అనొద్దు.

నీ బాపు,
సిద్దిరాములు

సిరిసిల్ల, 2-9-1997

బిడ్డా,

సంఘంలో నువ్వు నిలబడి "దేవదాసన్న తప్పేం లేదు, నాదే" అన్నప్పుడు నేను తల ఎత్తలేదు. నీ వల్ల సిగ్గుపడ్డాననుకొని, అన్నం కూడా తినకుండా హైదరాబాద్ పోయినావు. ఆ సిగ్గు నీది కాదు, నాది.

దేవదాస్ మళ్లీ పనిలోకి వచ్చినాడు. నువ్వు మార్చి ఇచ్చినది పెట్టినారు. పాత ప్రోగ్రాము ఒకటి నిన్న పట్టదని చెప్పి ఆగిపోయిందట. ఎవరి ఫొటో మీదా పడలేదు.

నువ్వు పోయినాక నేను లేచి మొండయ్య సంగతి చెప్పినాను. "ముసలోనికి గిప్పుడు యాదికొచ్చిందా?" అన్నాడు సంఘంలోని హనుమండ్లు. అననీ. కానీ చెప్పవలసింది వాళ్లకు కాదు. మొండయ్య బామ్మర్దిని అడిగి భివండి అడ్రసు రాయించుకున్నాను. రేపు పొద్దున బయలుదేరుతున్నాను. తలుపు తీస్తాడో, మొహం మీద వేస్తాడో తెలియదు. చెప్పే దాకా అక్కడే ఉంటాను.

దారి చూపేది నేననుకున్నాను. నువ్వే ముందు నడిచినావు.

నీ వెనక వస్తున్న బాపు,
సిద్దిరాములు