గోడ అవతలి మాట

ప్రొద్దుటూరు

లక్ష్మక్కకు, తమ్ముడు ఓబులేసు దండం పెట్టి రాస్తున్నది. ఈ కొత్త జ్వరం మన పులివెందుల పక్కకు కూడా వచ్చిందని బస్సు దిగినవాళ్లు చెప్పుకుంటున్నారు. అమ్మ, నాయన, నువ్వు బాగున్నారా? ముందు అది రాయి.

నాకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందని అమ్మకు ముందు చెప్పి, వచ్చిందని తర్వాత చెప్పు.

మా దూది మిల్లులో సగం మంది పడిపోయారు. యజమాని గేటు మూయించి, ఎవరి గదుల్లో వాళ్లు ఉండండి, బయట తిరిగితే ఊరంతా అంటుకుంటుంది అన్నాడు. ఆయనకేం, మిద్దె నిండా మనుషులు. నా గదిలో ఉండే రాజుపాలెం ఆయన ఆ రోజే ఊరికి పోయాడు. మిగిలింది రేకుల కప్పు, ఎండ, నేను.

జ్వరం కన్నా ఆ నిశ్శబ్దమే భయపెట్టింది అక్కా. వీధివాళ్లు గంజి చెంబు వాకిట్లో పెట్టి, పిలవకుండా పోయేవాళ్లు. తలుపు తీసేసరికి ఎవరూ ఉండరు. నేనేం పాపం చేశానని ఒళ్లు మండిపోయేది. కొన్నాళ్లకు ఆ మంట కూడా పోయింది. అదింకా భయం. ఎవరో పిలిచినట్లుంటే పలికేవాణ్ణి. పిచ్చెక్కుతోందేమోనని నోరు మూసుకుంటే, అది దానంతటదే మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి మస్తాన్ మామ పిలిచాడు. రేకు డబ్బాలు అతుకుతాడు, పక్క గదే.

"ఓబులేసూ, ఎవురితో మాట్లాడుతాండావు?"

"గోడతో మామా. మీకన్నా అదే నయం. సచ్చినానో బతికినానో ఒక్కరన్నా అడిగినారా?"

"యాడ అడిగేదప్పా? వాకిట్లో వేపమండ కట్టుకుంటివి. అమ్మోరు పోసిన ఇంటికాడ నోరెత్తకూడదని మీ అత్త నన్ను తిడతాంది."

"అమ్మోరు కాదు మామా, ఉత్త జ్వరం. మా అమ్మ ఏ జ్వరమొచ్చినా కడతాది. అట్లనే కట్టినా."

"శానా తెలివైనోనివి. ఈది జనమంతా నీ వాకిలి తప్పించి నడుస్తాండారు."

మండ పీకేశాను. దేవుళ్లు లేరని నేనెంత వాదిస్తానో నీకు తెలుసు. అయినా పారేసే ముందు దాన్ని కళ్లకద్దుకున్నాను.

అప్పటి నుంచి మామ గోడ పక్కనే కూర్చొని పని చేస్తూ మాట్లాడేవాడు. కూతురి మొండితనం, జమ్మలమడుగు దగ్గర పెన్నలో కొట్టుకుపోయిన డబ్బాల మూట, అన్నీ పనికిరాని కబుర్లే. వాటితోనే నా తల నా స్వాధీనంలోకి వచ్చింది. అన్నం రుచి తెలిసింది. నిద్ర పట్టింది.

అందుకే చెబుతున్నాను. నాయనకు జ్వరమొస్తే దూరంగానే ఉండండి, కానీ మాట మానొద్దు. అరుగు మీద కూర్చొని ఏదో ఒకటి చెబుతూ ఉండండి. అమ్మను మాత్రం బస్సెక్కనియ్యొద్దు. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను.

ఈ ఉదయం అవతల సుత్తి చప్పుడు లేదు. మామకు జ్వరమని అత్త తలుపు సందులోంచి చెప్పింది. ఆమె పిల్లతో వంటింట్లో ఉంటోంది, మామ ఒక్కడే ఆ గదిలో. నేను గోడకు వీపు ఆనించి మాట్లాడుతున్నాను. "మామా, వింటాండావా?" అంటే చాలాసేపటికి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు.

చెప్పడానికి నా దగ్గర మాటలు అయిపోతున్నాయి. బర్రె ఈనిందా? నాయన, చిన్నాయన ఇంకా పొలం గట్టు దగ్గర పోట్లాడుకుంటున్నారా? ఎవరెవరిని ఏమని తిట్టారో ఒక్క ముక్క విడవకుండా రాయి. నాకు కాదు, మామకు చదివి వినిపించాలి.

అమ్మా నాయనల కాళ్లకు దండం. ఈసారి దీవించేటప్పుడు మస్తాన్ మామ పేరు కూడా తలుచుకోమను.

నీ తమ్ముడు
ఓబులేసు