చోపీలో అడిగితే చెప్పిన పేరు

కిస్సికో

రబెకా వదినగారికి,

ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప. నా కొడుక్కి కూతురు పుట్టిందన్న కబురూ, దానికి మీ పేరు పెట్టేశారన్న కబురూ ఒకే బస్సులో దిగాయి. పేరు పెట్టేది తండ్రివైపు వాళ్ళని మీ టోంగా వాళ్ళకి తెలీదా? పక్క గుమ్మంలో ఉన్న నా సవతి గ్రాసిందా పేరు ఇప్పటికే ముగ్గురు పిల్లలకి పెట్టారు. పేరిచ్చిన మనిషి తల్లితో సమానమని, ఆ పిల్లల్ని కన్నవాళ్ళు దాన్ని "అమ్మా, అమ్మా" అంటూ కొత్త బట్టలు తెచ్చిపెడుతున్నారు. నా పేరు ఒక్కరికీ లేదు. కడుపు మండదూ?

మీ వియ్యపురాలు,
ఎర్మెలిందా

తా.క. పిల్లకి ముక్కు ఎవరిది? నిజం రాయండి.

---

ఇన్యంబానె

ఎర్మెలిందా వదినగారికి,

పురుడు పోసింది మేమూ, పేరు మాత్రం మీదా? బాగుంది వరస! పిల్ల బంగారుబొమ్మ. కాకపోతే పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు. మేం మా గిటోంగా భాషలో జోల పాడితే ఇంకా రాగం పెంచుతోంది.

ఇట్లు,
రబెకా

తా.క. ముక్కు నాదే.

---

కిస్సికో

వదినగారికి,

చూశారా! పేరు నచ్చకే ఆ ఏడుపు. పెద్దవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే పిలవండి. ఏ పేరుకి ఊరుకుంటే అదే ఖాయం, ఇక మార్చకూడదు. అయినా మీ భాషలో పిలిస్తే దానికేం తెలుస్తుంది? అది మా చోపీ వాళ్ళ పిల్ల, మా చోపీ భాషలో అడగాలి. మా ఆయన్ని, అదే మీ అన్నయ్యగారిని, పంపుతున్నాను. ముందు నా పేరే పిలుస్తానని ఒట్టేశారు.

గెలవబోయే,
ఎర్మెలిందా

తా.క. ఆయన సంచీలో బట్ట నా పేరు పెట్టుకునే పిల్లకి. మీరు ముట్టుకోకండి.

---

ఇన్యంబానె

వదినా,

కూర్చుని చదువు. అన్నయ్యగారు పిల్లని ఒళ్ళో వేసుకుని, "ఎర్మెలిందా తల్లీ" అని చోపీలో నాలుగుసార్లు పిలిచారు. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అబద్ధమెందుకు, నాకు సంతోషమే వేసింది. మీ అత్తగారి పేరుకీ ఊరుకోలేదు, మీ ఆడపడుచుల పేర్లకీ ఊరుకోలేదు. ఆయన విసిగిపోయి, "అబ్బా, గ్రాసిందా ఉంటే ఒక్క నిమిషంలో ఊరుకోబెట్టేది!" అన్నారు.

పిల్ల ఠక్కున ఆగిపోయింది.

"అదీ పేరు!" అని పెద్దలంతా చప్పట్లు కొట్టారు. నీదీ పోయింది, నాదీ పోయింది. వచ్చెయ్ వదినా, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

నీ,
రబెకా

తా.క. ఈ ఉత్తరం అన్నయ్యగారి చేతికే ఇస్తున్నాను. నీ గుమ్మానికి రావాలంటే ముందు గ్రాసిందా గుమ్మం దాటాలటగా. ఆ గుమ్మంలో డప్పులు వినిపిస్తే కంగారుపడకు, కబురు ముందు అక్కడే దిగిందన్నమాట.