మండీ గోడ మీద మూడు గీతలు

శనివారం, రాత్రి

చిన్నాయన రమ్మంటే పొద్దున హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్లాను. ఆయన మామిడి మండీ వీధి గోడ మీద ఎవరో నల్ల రంగుతో ఏదో గీసిపోయారు.

"నువ్వు కెమిస్ట్రీ చదివినదానివి కదమ్మా, ఇదేందో చూడు. నాకైతే చేతబడి మాదిరి ఉండాది," అన్నాడు.

రెండు C లు, వాటి మధ్య మూడు గీతలు, చెరో పక్క ఒక H. చూడగానే తెలిసింది. అసిటిలీన్. కాయలు త్వరగా పండాలని, నిషేధం ఉన్నా, బుట్టల్లో పెట్టే కార్బైడు పొట్లాల నుంచి వచ్చే గ్యాసు. లోపల ఆ పొట్లాలు ఉన్నాయని నాకెప్పటి నుంచో తెలుసు. నన్ను చదివించింది ఆ మండీయే.

"ఎవరో పిల్లోళ్లు గీసినారులే చిన్నాయనా. సున్నం కొట్టెయ్," అన్నాను.

ఆయన మొహం తేటపడింది. అప్పటికప్పుడే సున్నం కలిపి తనే కొట్టాడు. ఆయన కూతురు భార్గవి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ప్లస్ టూ చదువుతోంది. గ్లాసు పట్టుకున్న బొటనవేలి గోటిలో నల్ల రంగు ఉంది.

"అక్కా, అదేందో నీకు నిజంగా తెలీదా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదు," అన్నాను.

ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తడి సున్నం కింద ఆ గీతలు కాసేపు కనిపిస్తూనే ఉన్నాయి. ఆరేకొద్దీ మాయమయ్యాయి. అబద్ధం చెప్పినందుకు తిరుగు బస్సులోనైనా బాధ కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు. ఇప్పుడూ లేదు.

ఆ మూడు గీతలు గీయడం భార్గవికి నేర్పింది నేనే, పోయిన సెలవుల్లో. కార్బైడు తడిస్తే గ్యాసు ఎగిరిపోయి చివరికి సున్నమే మిగులుతుందని చెబితే, ఎంత ఆశ్చర్యపోయిందో.